హెల్మెట్ లేదని పికప్ బండికి చలానా: రద్దయ్యేదాకా ఏం జరిగిందంటే

నెల్లూరు, ఒంగోలు మధ్య రొయ్యల మేత, ఐసు పెట్టెలు తోలే మా బొలేరో పికప్ మీద 2025లో రెండు చలానాలు పడ్డాయి. ఒకటి హెల్మెట్ పెట్టుకోలేదని, ఇంకోటి జాతీయ రహదారి 16 మీద అతివేగమని. ఒక్కోటి 1,035 రూపాయలు: జరిమానా వెయ్యి, దాని మీద వాడుక చార్జీ 35. మొదటిది రద్దు చేయించుకున్నాం. రెండోది కాగితాలు తెప్పించుకుని చూసి కట్టేశాం. రెంటికీ మధ్యలో ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ ధ్రువపత్రం) గడువు నెత్తి మీదికి వచ్చింది. మన వైపు బండ్లవాళ్లు చాలామంది ఈ గడువు భయంతోనే తమది కాని చలానా కూడా కట్టేస్తున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు, వరసగా రాస్తున్నా.

ఆగస్టు మొదటి వారంలో ఎఫ్‌సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టబోతే ముందుకు పోలేదు. బండి మీద చలానాలు బాకీ ఉన్నాయని చూపించింది. అప్పటిదాకా ఒక్క మెసేజ్ కూడా రాలేదు. ఎందుకు రాలేదా అని చూస్తే, ఆర్‌సీ రికార్డులో ఉన్న ఫోన్ నంబరు మాది కాదు. కొత్త బండి రిజిస్ట్రేషన్ చేయించిన ఏజెంటు తన నంబరు ఎక్కించి వదిలేశాడు. ఇది మా ఒక్కరి సంగతి కాదు. తెలిసినవాళ్ల బండ్లు కొన్ని చూస్తే వాటిలోనూ ఇదే తీరు. అప్పటి నిబంధన ప్రకారం కెమెరా పట్టుకున్న నేరానికి 15 రోజుల్లోపల నోటీసు పంపాలి. అయితే ఫోన్‌కు పంపినా పంపినట్టే లెక్క. నంబరు వేరేవాళ్లదైతే ఆ 15 రోజులూ మనకు తెలియకుండానే దాటిపోతాయి.

నంబరు మార్చుకోవడం కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైటులోనే అవుతుంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ, ఆర్‌సీ చెల్లుబాటు తేదీ అడుగుతుంది. ఆధార్‌తో చేసేటప్పుడు పేరు దగ్గర ఆగిపోతుంది: ఆర్‌సీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే రెండూ కలవవు. మాకు అక్కడే కొంత ఆలస్యమైంది. చలానాల పని మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చే ఓటీపీలన్నీ ఆ నంబరుకే పోతాయి.

చలానా వివరాలు చూడటానికి రెండు చోట్లు వెతకాలి: కేంద్రం పరివాహన్ ఈ-చలాన్ పేజీ, రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ పేజీ. ఒకదాంట్లో కనబడింది ఇంకోదాంట్లో వెంటనే కనబడకపోవచ్చు. పరివాహన్‌లో బండి నంబరుతో పాటు ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులోని చివరి ఐదు అక్షరాలు కొట్టాలి. తెరవగానే ముందు ఫొటో తెరిచి దాచుకోండి. మొత్తం కేసు ఆ ఫొటోలోనే ఉంటుంది. జరిమానా కట్టడమంటే నేరం ఒప్పుకుని రాజీ చేసుకోవడమే, మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను కింద. కట్టాక ఫొటో చూసి నెత్తి కొట్టుకున్నా లాభం లేదు.

హెల్మెట్ చలానా ఫొటో తెరిస్తే అందులో ఉన్నది మోటారుసైకిలు. వెనక నుంచి తీసింది. రెండు పక్కలా పాల క్యాన్లు, నడిపే మనిషి నెత్తిన తువ్వాలు. తెల్ల ప్లేటు మీద ఎర్రమట్టి ఆరిపోయి ఉంది. ఏపీ 39 తర్వాత వచ్చే సిరీస్ అక్షరం ఎఫ్. దాని మధ్య గీత మట్టిలో కలిసిపోయి, పై గీత ఒక్కటే మిగిలింది. దాన్ని టీ అనుకుని ఎక్కించారు. మిగతా అక్షరం, నాలుగు అంకెలూ మా బండివే. ఒక్క అక్షరం తేడాతో మూడు జిల్లాల అవతల పాలబండికి పడాల్సిన జరిమానా నెల్లూరు పికప్ మీదికి వచ్చింది.

ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం అని నంబరు చూడగానే చెప్పే రోజుల్లో ఇలాంటి తప్పు కొంతైనా కంటికి తగిలేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే కోడ్ కావడంతో ఆ ఆనవాలు పోయింది. అయినా ఇంకో ఆనవాలు ఉంది. టీతో మొదలయ్యే సిరీస్ రవాణా వాహనాలది, ప్లేటు పసుపు రంగు. సొంత మోటారుసైకిలుకు ఆ సిరీస్ రాదు. పైగా నంబరు కొట్టగానే అది సరుకు రవాణా బండి అని రికార్డు చెబుతూనే ఉంటుంది. సరుకు బండికి హెల్మెట్ నేరం రాయబోతే కంప్యూటరు అక్కడే ఆపి "బండి రకం సరిచూడండి" అని అడిగితే ఈ చలానా పుట్టేదే కాదు. ఇంత చిన్న సరిచూపు పెట్టకుండా, తప్పు కాదని రుజువు చేసుకునే బరువంతా బండి యజమాని మీద వేయడం అన్యాయం. నా అసలు బాధ ఇదే.

ఆటోమేటిక్ చలానా అని అందరం అంటాం గానీ అన్నీ యంత్రం రాసినవి కావు. ఈ ఫొటో మనిషి ఎత్తు నుంచి, కొంచెం పక్కకు వంగి ఉంది. ఫొటో మీద పరికరం పట్టీ లేదు. అంటే రోడ్డు మీద సిబ్బంది ఫోనుతోనో ట్యాబుతోనో తీసి, నంబరు చేత్తో కొట్టింది. స్పీడ్ గన్ ఫొటో వేరుగా ఉంటుంది. బండి మీద గురి గుర్తు, కింద పట్టీలో తేదీ, సమయం, స్థలం, వేగ పరిమితి, కొలిచిన వేగం, బండి ఎంత దూరంలో ఉంది అనేది మీటర్లలో, పరికరం నంబరు ఉంటాయి. స్తంభాల మీది కెమెరాలు ప్లేటును వాటంతటవే చదువుతాయి. అవి తడబడేది బీ–8, డీ–0, ఎస్–5, 1–7 లాంటి జంటల దగ్గర. అక్షరం ఉండాల్సిన చోట అంకె రాదు కాబట్టి కొన్ని తప్పులు అవే దిద్దుకుంటాయి. అంకెల్లో అంకె మారితే మాత్రం దిద్దే దారి లేదు. మీ ఫొటో ఏ రకమో ముందు తేల్చుకుంటే అర్జీలో ఏం అడగాలో తెలుస్తుంది.

అర్జీకి మేం జతచేసినవి: ఆర్‌సీ కాపీ, బండి నాలుగు వైపులా తీసిన ఫొటోలు, నంబరు ప్లేటు దగ్గరి ఫొటో, ఆ రోజు ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, సరుకు తూచిన కాటా చీటీ. ప్లేటు ఫొటోలో ఎడమ పక్క అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద లేజరుతో చెక్కిన నంబరు కనబడేలా తీయాలి. ఆ లేజరు నంబరు మన బండికే కట్టి ఉంటుంది. ఎవడైనా మన నంబరుతో దొంగ ప్లేటు చేయించుకున్నా అది మాత్రం పుట్టించలేడు.

ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఈ పనిలో బాగా అక్కరకొచ్చింది. చలానా మీద సమయం జూన్ 19 ఉదయం 10:50. అదే రోజు 10:42కు మా బండి టంగుటూరు టోల్ ప్లాజా దాటింది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది: బ్యాంకు పంపే మెసేజ్ సమయం, రీడరు ట్యాగును చదివిన సమయం ఒకటి కావు. మెసేజ్ ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది. స్టేట్‌మెంటులో రెండు సమయాలు విడిగా ఉంటాయి. రీడరు సమయం దగ్గర గీత గీసి ఇవ్వండి. ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు కాబట్టి వాళ్లకు ఈ ఆధారం దొరకదు. పెట్రోలు బంకు బిల్లో, పని దగ్గర హాజరో వెతుక్కోవాలి.

ఆగస్టు 6న పరివాహన్ ఈ-చలాన్ పేజీలో ఫిర్యాదు పెట్టాం. టికెట్ నంబరు ఇచ్చింది. ఫైళ్లు పెద్దవైతే ఎక్కవు, ముందే చిన్నవి చేసుకోవాలి. రాసేటప్పుడు కథ చెప్పొద్దు. మేం రాసింది మూడు వాక్యాలే: ఫొటోలో ఉన్నది మోటారుసైకిలు, మాది సరుకు రవాణా బండి. ప్లేటు మీద అక్షరం ఎఫ్, మీరు ఎక్కించింది టీ. ఆ సమయానికి మా బండి టంగుటూరులో ఉంది. రోజూ తెరిచి చూస్తుంటే "పరిశీలనలో ఉంది" అనే ఉండేది. ఆగస్టు చివరి వారంలో టికెట్ మూసేశారు. కారణం రాయలేదు. చలానా మాత్రం అలాగే ఉంది.

ఆ రోజు కడుపు రగిలిపోయింది. ఎఫ్‌సీ గడువు సెప్టెంబరు 30. దాటితే రోజుకు 50 రూపాయలు అదనపు ఫీజు, ఎఫ్‌సీ లేని బండి రోడ్డెక్కితే అది మళ్లీ ఇంకో కేసు. రొయ్యల పట్టుబడి కాలంలో బండి ఆగితే కిరాయి ఇంకొకరు పట్టుకుపోతారు. "కట్టి పారేద్దాంలే అన్నా, వెయ్యి రూపాయలకు ఇంత తిరుగుడేంది" అని మా డ్రైవరే అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, లెక్కకు అదే చవక. కానీ కడితే ఆ నేరం మా బండి చరిత్రలో ఉండిపోతుంది, ఆ పాలబండి ప్లేటు ఫొటో ఇంకోసారి తీసినా మళ్లీ మాకే వస్తుంది. అందుకే ఒప్పుకోలేదు.

టికెట్ మళ్లీ పెట్టి, దాంతో పాటు కాగితం మీద అర్జీ రాసి చలానా రాసిన జిల్లా పోలీసు ట్రాఫిక్ విభాగానికి స్పీడ్ పోస్టులో పంపాం. ఏ విభాగం రాసిందో చలానా మీదే ఉంటుంది. మన జిల్లాలో సోమవారం అర్జీలు తీసుకునే చోట కూడా ఒక కాపీ ఇచ్చాం. అక్కడివాళ్లు మర్యాదగా విని, ఫొటో చూసి, ఇది మీ బండి కాదని వాళ్లే అన్నారు. కానీ రాసిన విభాగం తప్ప ఇంకెవరూ రద్దు చేయలేరని కూడా చెప్పారు. ఈ సంగతి ముందే తెలిస్తే బాగుండేది అనిపిస్తుంది చాలామందికి: ఊళ్లో స్టేషన్ల చుట్టూ తిరిగి ఉపయోగం లేదు. మనవాళ్ల దగ్గర అర్జీకి రసీదు తీసుకుంటే చాలు, ఆ కాపీని వాళ్లే అవతలి జిల్లాకు పంపిస్తారు.

పోస్టు అందినట్టు ట్రాకింగ్‌లో కనబడ్డాక ఆ విభాగానికి ఫోన్ చేశాం. ఎత్తినవారికి చలానా నంబరు చెప్పి, "సార్, ఒక్కసారి ఫొటో తెరవండి, బండి రకం చూడండి" అన్నాం. అవతల కొద్దిసేపు నిశ్శబ్దం, తర్వాత "సరే, పై అధికారికి పెడతాం" అన్నారు. సెప్టెంబరు మూడో వారం దాటాక చలానా స్థితి రద్దు అని మారింది. ఆ మాట చూసినప్పుడు కలిగిన ఊరట వెయ్యి రూపాయలది కాదు. మన మాట విన్న మనిషి ఒకరున్నారని తెలిసినందుకు.

ఫొటోలో ఉన్నది మీ మోడలు బండే, మీ నంబరే, కానీ మీరు అక్కడ లేరు అంటే దారి వేరు. అది దొంగ ప్లేటు. ముందు మీ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. రేపు ఆ బండి ప్రమాదం చేసినా, గంజాయి మోసినా మొదట తట్టేది మన తలుపే. బంపరు గీతలు, అద్దం మీద స్టిక్కర్లు, క్యారియరు, టార్పాలిన్ కొక్కేలు, ఇలాంటి తేడాలు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి గుర్తు పెట్టి చూపాలి.

ఇక వేగం చలానా. జూలై 8, కావలి, నెల్లూరు మధ్య. పట్టీలో పరిమితి 80, కొలిచింది 94. బండి మాదే, ప్లేటు స్పష్టంగా ఉంది. టోల్ సమయాలతో సగటు తీసి చూపిస్తే పోతుందని కొందరు చెబుతారు. పోదు. రెండు టోల్ ప్లాజాల మధ్య సగటు 60 వచ్చినా, మధ్యలో ఒకచోట 94 కొట్టలేదని దాంతో రుజువు కాదు. అడగాల్సింది పరికరం గురించి.

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చేర్చారు. దాని ప్రకారం ఇలాంటి పరికరానికి రాష్ట్రం నియమించిన అధికారి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి, ఏటా దాన్ని పునరుద్ధరించాలి. కెమెరా ఉన్న చోటుకు ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. చలానాలో ఫొటో, కొలత, తేదీ, సమయం, స్థలం, సెక్షను, ఎలక్ట్రానిక్ రికార్డు ధ్రువపత్రం ఉండాలి. ఈ పరికరాలు పెట్టాల్సిన నగరాల పట్టికలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. రాడారుతో వేగం కొలిచే పరికరాలకు తూనికలు కొలతల శాఖ సరిచూసి ముద్ర వేయాలనే నిబంధన కూడా 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కిరాణా కొట్టు తక్కెడకు ముద్ర ఉండాలన్నప్పుడు మన జేబు కోసే యంత్రానికీ ఉండాలి కదా.

ఆగస్టు రెండో వారంలో సమాచార హక్కు కింద, పది రూపాయల ఫీజుతో అడిగాం: ఆ పరికరం నంబరు, దాని ధ్రువపత్రం కాపీ, ఆ తేదీకి అది చెల్లుబాటులో ఉందా, హెచ్చరిక బోర్డు ఎక్కడ పెట్టారు. "ఎందుకు", "న్యాయమా" అనే ప్రశ్నలు పెడితే జవాబు రాదు. కాగితం కాపీ అడిగితేనే ఇస్తారు. జవాబుకు 30 రోజులు గడువు, రాకపోతే మొదటి అప్పీలుకు పోవచ్చు. మాకు గడువు దగ్గరపడ్డాక వచ్చింది. ధ్రువపత్రం ఉంది, తేదీ సరిపోయింది. బోర్డు కూడా మేం వెళ్లి చూసుకున్నాం: కొమ్మలు కొంత కప్పినా ఉంది. అప్పుడు కట్టాం. కాగితం చూశాక కట్టడంలో డ్రైవరుకు కూడా బాధ లేదు.

కట్టేటప్పుడు డబ్బు బ్యాంకులో తెగి, చలానా మాత్రం బాకీ అనే చూపించింది. ఇలాంటప్పుడు మళ్లీ కట్టకండి. పెండింగ్ లావాదేవీ సరిచూసే మీట అదే పేజీలో ఉంటుంది, దాన్ని నొక్కి చలానా నంబరు ఇస్తే లెక్క సర్దుకుంటుంది. ఎఫ్‌సీ పేజీకి ఆ మార్పు చేరడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. గడువుకు రెండు రోజుల ముందు కట్టి స్లాటు దొరుకుతుందనుకుంటే కుదరదు.

ఈ మధ్యలోనే వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పోలీసు చిహ్నం, మా బండి నంబరు, కింద చలానా చూడటానికని యాప్ ఎక్కించే ఒక ఏపీకే ఫైలు. నిజమైన చలానా చూడటానికి ఏ యాప్ ఎక్కించక్కర్లేదు, పరివాహన్ అసలు సైటు చిరునామా గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. ఆ ఫైలు ఎక్కించుకుంటే ఫోనులోని మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడి చేతికి పోతాయి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డ్రైవర్ల మాట కూడా చెప్పాలి. కెమెరా చలానా బండి నంబరు మీద పడుతుంది, ఎవరు నడిపారో దానికి తెలియదు. పోలీసులు అడిగితే ఆ రోజు నడిపిందెవరో చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షను కింద యజమానిది. రోడ్డు మీద ఆపి లైసెన్సు చూసి రాసింది అయితే లైసెన్సు మీదికి ఎక్కుతుంది. ఓనర్లు చాలామంది ఫొటో కూడా చూపించకుండా డ్రైవరుకిచ్చే రోజు బత్తాలో కోసేస్తున్నారు. చలానా పడిన తేదీన బండి ఎవరి చేతిలో ఉందో రాసిన పుస్తకం లేకుండా కోయడం తప్పు. మా దగ్గర ట్రిప్పు పుస్తకంలో తేదీ, సమయం, డ్రైవరు సంతకం ఉన్నాయి కాబట్టి వేగం చలానా ఎవరిదో గొడవ లేకుండా తేలింది, ఫొటో ఇద్దరం కలిసి చూశాం.

కెమెరాకు దొరక్కుండా ప్లేటు వంచేవాళ్లు, ఒక అంకె మీద గ్రీజు పూసేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్ల జరిమానా గాల్లో కలవదు. తప్పుగా చదివిన నంబరు ఎవరిదో ఒకరిది అవుతుంది, మాకు జరిగింది అదే. రొయ్యల గుంటల దారుల్లో తిరిగే బండ్లు హైవే ఎక్కే ముందు ప్లేటు మీద నీళ్లు పోసి తుడవాలి.

ఖర్చు చూస్తే పోస్టు, ప్రింట్లు, సమాచార హక్కు ఫీజు అన్నీ కలిపి జరిమానాలో సగం కూడా కాలేదు. పోయింది బండి ఆపుకున్న పూటల కిరాయి. ఎఫ్‌సీ సెప్టెంబరు ముగిసేలోపే అయింది. సరుకు బండి నంబరు మీద హెల్మెట్ నేరం ఎక్కకుండా కంప్యూటరులోనే అడ్డు పెట్టమని రవాణా శాఖకు అక్టోబరులో ఫొటో జతచేసి విడిగా రాశాం. అర్జీ అందిందని మెసేజ్ వచ్చింది.